ఇంటి మనుషుల ఒరిజినల్స్

"తాళం నా దగ్గరే ఉందక్కా. ఇవాళ మధ్యాహ్నం రెండు దాటనివ్వండి, ఆ తర్వాత శాంభవి ఎక్కడికీ పోలేదు" అన్నాడు విశ్వేశ్వర్, గొప్ప ఉపాయం చెప్పినట్టు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

గన్నవరం రోడ్డులో మా ఆఫీసు. పొలం దగ్గరికే వెళ్లి మట్టి పరీక్ష చేసి, ఏ ఎరువు ఎంత వేయాలో రైతుకి చెప్పే కంపెనీ. పెట్టింది విశ్వేశ్వర్. మొదటి ఉద్యోగిని నేను, జ్ఞానేశ్వరిని. వయసులో పెద్దదాన్ని కాబట్టి అతనితో సహా అందరికీ అక్కనే. తర్వాత మరో పదిమంది చేరారు. చేరిన ప్రతివాళ్ల దగ్గరా డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టాం. "మనదంతా ఒక కుటుంబం" అనేవాడు విశ్వేశ్వర్. కుటుంబంలో ఎవరైనా ఎవరి సర్టిఫికెట్లైనా బీరువాలో పెట్టి తాళం వేస్తారా? నేను మాత్రం ఆ ప్రశ్న అడగలేదు. అడగకపోగా, వాటిని అడిగి తీసుకున్నదాన్ని నేనే.

శాంభవిది ఉయ్యూరు. పొలం గట్ల మీద రెండేళ్లు తిరిగింది. వ్యవసాయ శాఖలో ఉద్యోగం వచ్చింది. ఆ రోజు రెండింటిలోగా గుంటూరులో ఒరిజినల్స్ చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మూడు రోజులుగా అడుగుతుంటే, తాళం తన మామయ్య దగ్గరుంది, ఆయన ఊళ్లో లేరు అని చెబుతూ వచ్చాడు విశ్వేశ్వర్.

"నీ ఇంటర్ కాలేజీవాళ్లు నీ సర్టిఫికెట్లు ఆపితే ఎంత ఏడ్చావో నాకు పదిసార్లు చెప్పావు. మర్చిపోయావా?" అన్నాను.

"అది వేరక్కా. ఈ అమ్మాయికిస్తే రేపు శ్రీచరణ్ అడుగుతాడు, ఎల్లుండి ఇంకోడు. టీం నిలబడొద్దా?"

కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందట. గడియారం చూశాను. పదిన్నర. ఇతనితో వాదిస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అతని గది తలుపు బార్లా తెరిచి, హాల్లో అందరికీ వినపడేలా అరిచాను.

"శాంభవీ! తాళం ఊళ్లోనే ఉందే. ఈయన జేబులో ఉంది. వచ్చి తీసుకో!"

పదిమందీ లేచి వచ్చారు. విశ్వేశ్వర్ అందరి వైపూ చూశాడు. చివరికి తాళం తీసి బల్ల మీద పడేశాడు. నేనే బీరువా తెరిచి, ఎవరి కవరు వాళ్ల చేతికిచ్చాను. శ్రీచరణ్ బండి తాళాలు అందుకుని, శాంభవిని గుంటూరు దింపుతానన్నాడు.

మెట్ల దాకా వెళ్లాను. థాంక్స్ చెబుతుందనే అనుకున్నాను, అబద్ధమెందుకు. ఆమె కవరు గుండెకి హత్తుకుని నా వైపు చూసింది.

"ఆయన అడిగుంటే ఇచ్చేదాన్ని కాదక్కా. మీరడిగారని ఇచ్చాను."

అంతే. దిగి వెళ్లిపోయింది. చెంప ఛెళ్లుమన్నట్టయింది. విశ్వేశ్వర్ మీద కోపం సగం నా మీదకే తిరిగింది.

తిరిగి వచ్చేసరికి మిగిలినవాళ్లు కవర్లు బ్యాగుల్లో పెట్టుకుని ఎవరి పనిలో వాళ్లు కూర్చున్నారు. మైలవరం మట్టి నమూనాల మీద చీటీలు అంటిస్తున్నారు. తాళం వేసి ఆపకపోయినా ఎవరూ వెళ్లిపోలేదు. అది చూసైనా అతనికి బుద్ధి వచ్చి ఉంటుందనుకున్నాను.

విశ్వేశ్వర్ నన్ను గదిలోకి పిలిచి గొంతు తగ్గించాడు. "అయిందేదో అయింది. సోమవారం నలుగురు కొత్తవాళ్లు చేరుతున్నారు కదా. ఈసారి బీరువా మామయ్యగారింట్లో పెడదాం. ఒరిజినల్స్ మాత్రం మీరే అడగాలక్కా. మీరడిగితే ఎవరూ కాదనరు."

ఫోన్ తీసి, అతని ఎదురుగానే నిలబడి, ఆ నలుగురిలో మొదటి నంబరు కలిపాను. సుస్మిత అనే అమ్మాయి ఎత్తింది.

"నేనమ్మా, జ్ఞానేశ్వరిని. సోమవారం వచ్చేటప్పుడు జెరాక్సులు చాలు, ఒరిజినల్స్ తేవద్దు. ఇక్కడ ఎవరడిగినా ఇవ్వద్దు."

"సరే మేడం. మీరడిగితే ఇవ్వచ్చా?"

విశ్వేశ్వర్ నా మొహంలోకే చూస్తున్నాడు.

"నేనడిగితే అసలే ఇవ్వద్దు" అన్నాను.