అద్దంలో గిటారు

మా ఆయనకి లోకంలో ఎవరూ ఎదురు చెప్పరు. ఇందులో ఆయన గొప్పతనమేమీ లేదు. ఆయన పళ్ళ డాక్టరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళతోనే మాట్లాడతారు. వాళ్ళు "ఆ... ఆ..." అనడం తప్ప ఏం చెయ్యగలరు? ఆ అలవాటుతోనే ఇంటికొస్తారు. ఇక్కడ నేను నోరు మూసుకుని వింటాను. తేడా అంతే.

నేను గిటారు నేర్చుకుంటానన్నప్పుడు కూడా, పుచ్చిన పన్ను ఎక్కడుందా అన్నట్టు చూశారు. ఎందుకని అడిగారు. ఈ ఇంట్లో నేను వండినవి తినేస్తారు, ఉతికినవి మాపేస్తారు, తుడిచిన చోటే తొక్కుతారు. మీరెవరూ పాడు చెయ్యలేనిది ఒక్కటైనా నాకు రావాలి అన్నాను. ఆయన సరే, గది తలుపు మాత్రం వేసుకో అన్నారు. అత్తగారు అదీ అనలేదు. నేను సాధన మొదలుపెట్టగానే చెవిలో మిషను తీసి డబ్బాలో పెట్టుకునేవారు. ఆ తీసే తీరులోనే అంతా ఉండేది.

పాఠాలు ఆన్‌లైనులో. మాస్టారు రికార్డు చేసి పంపిన వీడియోలు చూసి నేర్చుకోవాలి. అన్నీ అయ్యాక ఒకరోజు తెరమీద మాస్టారే కనిపించి, మన వాయింపు విని, పై తరగతికి పనికొస్తామో లేదో చెబుతారు. మొదటి వీడియో పెట్టుకుని, కుడిచేత్తో మీటడానికి వీలుగా గిటారు ఒళ్ళో పెట్టుకున్నాను. మా ఆయన కాఫీ కప్పుతో వచ్చి వెనక నిలబడ్డారు. తెరలో గిటారు మెడ అటుంటే నీది ఇటుందేమిటన్నారు.

ఆయన వృత్తి అంతా చిన్న అద్దంతోనే. వెనక దంతాలను అద్దంలో చూస్తూ, అందులో కనిపించేదాన్ని బట్టి చెయ్యి తిప్పడం ఆయనకి ఊపిరి పీల్చినంత సులువు. తెర కూడా అద్దమేనని తీర్మానించి, గిటారు తిప్పి నా ఒళ్ళో పెట్టారు. ఇక ఎడమచేత్తో మీటాలి, కుడిచేతి వేళ్ళతో తీగలు నొక్కాలి. లావు తీగ పైన ఉండాలని మాస్టారు చెబుతుంటే, నాది కిందికి పోయింది. మామూలు మనుషులైతే గిటారును మళ్ళీ తిప్పుతారు. మా ఆయన తీగలన్నీ విప్పి, క్లినిక్కు నుంచి తెచ్చిన పటకారుతో పైవి కిందికి, కిందివి పైకి బిగించారు. పని ముగించి, ఇక పుక్కిలించి ఉమ్మెయ్యమంటారేమో అనుకున్నాను.

నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి. తీగలు బర్రుమనేవి. లావు తీగ ఉన్నచోట ఉండక జారిపోయేది. తల దువ్వుకోవడం కూడా సరిగ్గా రాని నా ఎడమచెయ్యి లయ తప్పకుండా మీటాలట. వేలికొసలు ఎర్రబడి, గిన్నెలు తోముతుంటే మండేవి. వీడియోలో మాస్టారు ఇది చాలా తేలికంటూ నవ్వేవారు. నాతోపాటు చేరినవాళ్ళు తమ వాయింపులు వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. నేను అందరికీ చప్పట్ల బొమ్మ పెట్టి ఊరుకునేదాన్ని.

ఒక సాయంత్రం మా ఆయన గుమ్మంలో నిలబడి, నిజంగా జాలిగానే, "కొన్ని వేళ్ళకి కొన్ని పట్టుబడవులే. బాధపడకు," అన్నారు.

వెటకారమైతే తిప్పికొట్టేదాన్ని. జాలికి జవాబుండదు. నమ్మేశాను. మాస్టారు కూడా పనికిరానని చెప్పేస్తే, ఆ రోజే గిటారు అటకెక్కించి మళ్ళీ దాని పేరెత్తనని ఇంట్లో చెప్పాను. చెప్పానే కానీ, బట్టలు మడతపెడుతున్నా వేళ్ళు వాటంతటవే తీగలు వెతుక్కునేవి.

మాస్టారు వినే రోజు రానే వచ్చింది. మా ఆయన ఎదురుగా సోఫాలో పేపరు అడ్డం పెట్టుకున్నారు. అత్తగారు తన కుర్చీలో, మిషను తన డబ్బాలో. నేను వాయించాను. మాస్టారు నవ్వకుండా చివరిదాకా విన్నారు.

"మేడమ్, మీరు ఏ చేత్తో రాస్తారు?"

కుడిచెయ్యి ఎత్తి చూపించాను.

"మరి గిటారు అలా పట్టుకున్నారేం?"

తెరలో ఎలా కనిపిస్తే అలాగే పట్టుకున్నానన్నాను. మాస్టారు గిటారు మెడను కెమెరా దగ్గరికి తెమ్మన్నారు. ప్రతి తీగకీ దాని లావుకి తగ్గ గాడి ఉంటుందట. లావు తీగ సన్న గాడిలో దిగదు, సన్న తీగ పెద్ద గాడిలో కుదురుగా ఉండదు. ఇలా బిగించిన గిటారు మీద, వాటం కాని చేత్తో, పాట ఆనవాలు తెలిసేలా వాయించారంటే మీ వేళ్ళకి ఏ లోటూ లేదన్నారు. తీగలు సరిచేయించుకుని పై తరగతికి వచ్చెయ్యమన్నారు. ఇంతకీ తీగలు ఇలా మార్చిందెవరని అడిగారు.

కట్టుకున్నవాడి మీద చాడీలు చెప్పే రకం కాదు నేను. ల్యాప్‌టాప్‌ని మాత్రం మెల్లగా సోఫావైపు తిప్పాను.

పేపరు కిందికి దిగింది. మా ఆయన గొంతు సవరించుకుని, అద్దం సూత్రంలో తప్పేమీ లేదనీ, అసలు గిటారు తయారుచేసేవాళ్ళు గాడులన్నీ ఒకే కొలతలో ఉంచాలనీ మొదలుపెట్టారు. మాస్టారు ఊ కొడుతూ విన్నారు. మధ్యలో ఆయన చూపు నా వేలికొసల మీద పడింది. మాట అక్కడే ఆగింది. తరవాత పేపరుకి చెప్పినట్టు ఏదో గొణిగారు.

పాట ఆగిపోయిందని నిర్ధారించుకున్న అత్తగారు అప్పుడే మిషను చెవిలో పెట్టుకుంటున్నారు.

"ఏమంటున్నాడమ్మాయ్ వాడు?"

"నాకూ సరిగ్గా వినపడలేదత్తయ్యా."

"గొణుగుతావేంరా? చిన్నప్పుడూ ఇంతే నువ్వు. నలుగురికీ వినపడేలా చెప్పు."

మా ఆయన లేచొచ్చారు. గిటారు తీసుకుని, నేను మొదటిరోజు పట్టుకున్న వైపుకి తిప్పి, జాగ్రత్తగా నా ఒళ్ళో పెట్టారు. తరవాత వాళ్ళమ్మ చెవి దగ్గరికి వంగి, తెరలో మాస్టారు కూడా తలెత్తేంత గట్టిగా చెప్పారు.

"తీగలు మార్చింది నేనమ్మా. దీని వేళ్ళు బాగానే ఉన్నాయి. తప్పు నాదే."