రోజుకు నాలుగు కాళ్ళు

బస్సు కండక్టరు బల్ల మీద కూర్చుని, వారం క్రితం పెట్టించుకున్న కుడికాలు విప్పి పక్కన పెట్టాడు. మేజోడు చివర రక్తం అంటుకుని ఉంది. మోకాలి కింద మిగిలిన కాలి మీద, ఎముక ముందుకు తేలిన చోట, చొక్కా గుండీ అంత పుండు.

"తప్పు నాదేనేమో అక్కా. మొదటిరోజే మేడ మీదికి నాలుగుసార్లు ఎక్కి దిగాను," అన్నాడు. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాడే. కానీ కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఆ చోట పెద్దా చిన్నా అందరికీ ఆమె కాళ్ళక్క.

కాళ్ళక్క ఆ కాలు చేతిలోకి తీసుకుంది. కాలు దూరే గుంటలో వేలు పెట్టి తడిమింది. వేలు ఒకచోట ఆగింది. లేచి, అరలోంచి అతని కాలి ప్లాస్టర్ అచ్చు దించి కిటికీ వెలుగులో పెట్టుకుంది.

ఎముక తేలిన చోట చర్మం మీద నీలం పెన్సిల్‌తో గుర్తు పెడతారు. ఆ గుర్తు అచ్చు మీదికి దిగుతుంది. ఆ అచ్చు చుట్టూనే కాలి గుంట తయారవుతుంది. అక్కడ కాస్త ప్లాస్టర్ మెత్తాలి, అప్పుడే ఎముకకు చోటు మిగులుతుంది. కండ ఉన్న చోట గీకాలి, బరువంతా అక్కడ ఆనుతుంది. పందొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే. ఈ అచ్చు మీద మాత్రం నీలం గుర్తు సగమే ఉంది. మిగతా సగం ఆకురాయి కింద పోయింది. మెత్తాల్సిన చోట గీకేసింది. గీకిన రోజు అది పదకొండో అచ్చు.

ఆమె ఈ గదిలోకి మొదట నేల ఊడ్వడానికి వచ్చింది. ప్లాస్టర్ దుమ్ము ఊడుస్తూ ఊడుస్తూ పని నేర్చుకుంది. ఈ పనంటే ఆమెకు అంత ఇష్టం. అదే ఆమె కొంప ముంచింది. ఇష్టమనే మాట ఒక్కసారి నోరు జారితే చాలు, పైవాళ్ళు దాన్ని జీతంలో కలిపేసుకుంటారు. నెలకు పద్నాలుగు వేలు, అయిదింటి తర్వాత చేసేదానికి సేవ అని పేరు. ముగ్గురు చేసే పని ఇద్దరికి వచ్చింది, ఆ ఇద్దరిలో ఒకాయన మణికట్టు పోయి మానేశాక ఒక్కదానికే వచ్చింది. "ఇంకో మనిషిని పెట్టండి సార్" అంటే మేనేజరు నవ్వేవాడు. "నీకిష్టం కదా. ఇష్టమున్నవాళ్ళకి అలుపేంటి?"

నిజమే కాబోలనుకుంది పిచ్చిది. అలుపొస్తే ఇష్టం తగ్గిందేమోనని తనమీద తనకే అనుమానం. మీ అమ్మ ఏం పని చేస్తుందని బళ్ళో అడిగితే, ఆమె కూతురు "అలిసిపోతుంది" అని చెప్పిందట. ఇంట్లో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"ఒక మాట అడగనా అక్కా?" అన్నాడు కండక్టరు. "మీరు కాలు పెట్టేటప్పుడు, మొదట ఎక్కడికి నడిచి వెళ్తారని అందర్నీ అడుగుతారట కదా. మా పక్కింటాయన చెప్పాడు. నేనూ జవాబు సిద్ధం చేసుకుని వచ్చాను. మీరు అడగలేదు."

కాళ్ళక్క తలెత్తింది. ఎప్పటినుంచి అడగడం మానేసిందో ఆమెకే గుర్తు లేదు. పుండు చూసినప్పటి కంటే ఇప్పుడు ఎక్కువ సిగ్గేసింది.

అంతలో మేనేజరు లోపలికి వచ్చాడు. శనివారం దాతలు వస్తారు. ముప్ఫై మందికి కాళ్ళు పంచాలి. వేదిక మీద అందరికంటే ముందు నడవాల్సింది ఈ కండక్టరే.

"ఇంకా ఇరవై రెండున్నాయి, నాలుగే రోజులు. ఈయన్ని కూర్చోబెట్టి కబుర్లా?" అన్నాడు. పుండు చూసి, "ఇంతేనా? దూది పెట్టి కట్టు. ఎక్కువ నడిచి ఉంటాడు."

"ఓర్చుకుంటాలెండి," అన్నాడు కండక్టరు. "సోమవారం డ్యూటీలో చేరాలి."

"ఓర్చుకోవద్దు," అంది కాళ్ళక్క. "తప్పు మీది కాదు, నాది. పుండు మానేదాకా కర్ర పట్టుకునే నడవండి. మానాక మళ్ళీ కొలత తీస్తాను. కాలు చేయడంలో తప్పు జరిగిందని కాగితం రాసిస్తా, డిపోలో చూపించండి."

మేనేజరు గొంతు తగ్గించాడు. "ఆ మాట మనలో మనం అనుకుందాం. కాగితాలెందుకు? పేరు పోయేది నీదే."

"పోనివ్వండి."

ఆమె కాగితం రాసి సంతకం పెట్టింది. తర్వాత సుత్తి తీసుకుని అచ్చు మీద ఒక్క దెబ్బ వేసింది. అది మూడు ముక్కలైంది. ఇక ఆ అచ్చునే సర్ది ఇంకో కాలు చేసే దారి లేదు, కొలత మళ్ళీ తీయాల్సిందే.

"మతి పోయిందా నీకు? పనికి ప్రాణం పెట్టేదానివి," అన్నాడు మేనేజరు.

"పెట్టాను సార్. నా ప్రాణం చాలక ఈయన ఎముక కూడా పెట్టాను. ఇక రోజుకు నాలుగు కాళ్ళు చేస్తాను. అంతకు మించి నా చేతికి గుర్తులు తెలియడం లేదు. అయిదింటికి ఇంటికెళ్తాను."

"మరి శనివారం?"

"ఎన్నయితే అన్ని."

"అయితే రేపు రావాలో వద్దో నేను కబురు చేస్తాను. అందాకా ఇంట్లోనే ఉండు."

ఈ పని కాక ఆమెకు ఇంకో పని రాదు, రావాలనీ లేదు. అయినా చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో తెల్లదనం వదల్లేదు. గోడవారన ఇరవై రెండు అచ్చులు వరసగా నిలబడి ఉన్నాయి. వాటివైపు చూస్తే ఆగిపోతానని తెలుసు, అందుకే చూడకుండా సంచీ అందుకుంది.

బయట ఇంకా ఎండ ఉంది. కండక్టరు రెండు కర్రల మీద, కాలు సంచీలో వేసుకుని, మెల్లగా పక్కన నడుస్తున్నాడు. ఈ వేళకి ఆమె ఎప్పుడూ రోడ్డు మీద లేదు.

"ఇప్పుడు బస్సు దొరుకుతుందా అండీ?"

"అయిదుంపావుకి ఒకటుంది. ఆఫీసులు వదిలే టైము కదా, కూర్చోడానికి చోటుండదు."

"పర్లేదు," అంది కాళ్ళక్క. "నిలబడతాను."