ఎదురింట్లో ఆగిన ఫ్లోరెన్స్

నేను ఒక మడత మ్యాపును. విప్పితే గజం పొడవు. మడిస్తే జేబులో పడతాను. నా మీద ఉన్నది ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం. వందల ఏళ్ళ నాటి రాతి మేడలు, ఒక నది, నది మీద దుకాణాలున్న వంతెన, నడి ఊళ్ళో పెద్ద చర్చి, దాని మీద ఎర్ర పెంకుల గోపురం. అన్నీ నా దగ్గర ఉన్నాయి. నేను మాత్రం కాకినాడ రామారావుపేటలో ఒక వరండా అలమరలో ఉన్నాను.

పుట్టింది ఫ్లోరెన్సులోనే. నాతోపాటు వేలమంది. రైలు స్టేషన్ పక్క కొట్లో వేలాడుతుంటే ఒక కాకినాడ ఇంజనీరు కొన్నాడు. కంపెనీ వాళ్ళు పంపుల ట్రైనింగుకు పంపారట. ఊరు చూడడానికి అతనికి మూడు గంటలు దొరికాయి. రెండు గంటలు తోలు బెల్టుల బజారులో గడిపాడు. మిగతా గంట నన్ను తలకిందులుగా పట్టుకుని స్టేషనుకు దారి వెతికాడు. ఇంటికి వచ్చి ఫ్లోరెన్సంతా చూశానని చెప్పాడు. పదేళ్ళ తర్వాత వాళ్ళింట్లో పాత కాగితాలు అమ్మేశారు. నేను పాత పుస్తకాల బండి ఎక్కాను.

అక్కడ నన్ను కనకవల్లి చూసింది. ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా చేసి అప్పుడే రిటైరైంది. నా వెనకవైపు ఒక ఫొటో ఉంది. గోపురం పైనుంచి తీసింది. చూపు ఆనినంత మేర పెంకుటిళ్ళే. ఆవిడ తండ్రి ధవళేశ్వరంలో పెంకుల ఫ్యాక్టరీలో గుమాస్తా. పెంకుల దొంతరల మధ్య ఆడుకుని పెరిగిన మనిషి. ఆ ఫ్యాక్టరీ పోయింది. ఆవిడ పుట్టిన వీధిలో ఆఖరి పెంకుటిల్లు కూడా డాబా అయిపోయింది. ఊరికి ఊరే ఇంకా పెంకుల కింద ఉన్న చోటు ఒకటుందని ఆ ఫొటో చెప్పింది. బండి దగ్గర ఎండలో నిలబడి చాలాసేపు చూసింది. ఆ గోపురం ఎక్కాలి, ఆ కప్పులను పైనుంచి ఒకసారి చూడాలి. ఆవిడ కోరిక అంతవరకే.

రోజూ భోజనాలయ్యాక నన్ను బల్ల మీద పరిచేది. గాలికి లేవకుండా ఒక మూల మరచెంబు, ఇంకో మూల ఆవకాయ జాడీ పెట్టేది. పెన్సిలు సన్నగా చెక్కుకుని హోటలు నుంచి గోపురం దాకా గీత గీసేది. మంచినీళ్ళ కొళాయి ఎక్కడుంది, పులిహోర పొట్లం ఎక్కడ విప్పుకోవచ్చు, అన్నీ చీమ తలకాయంత అక్షరాల్లో రాసేది. నా మీద పడిన నూనె చుక్క ఆ రోజులదే. నన్ను అంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఫ్లోరెన్సులోనే లేరు. బతికానంటే ఆ మధ్యాహ్నాల్లోనే బతికాను.

ఆవిడ భర్త సోమసుందరం పోర్టు ఆఫీసులో చేసి రిటైరైనవాడు. ఆయన నన్ను చూసేవాడు కాదు. పంచాంగం చూసేవాడు. మొదటి ఏడాది మూఢం అన్నాడు. రెండో ఏడాది తన జాతకంలో శని అన్నాడు. మూడో ఏడాది ఆవిడ అడగలేదు. ఒక టూరు కంపెనీలో ఇద్దరి పేర్లూ రాయించి వచ్చింది. టూరువాళ్ళు ఫ్లోరెన్సులో ఒక శుక్రవారం ఖాళీగా వదిలారు. గోపురం ఎక్కాలంటే ముందే టైము రాయించుకోవాలి. ఉదయం పదిన్నరకు ఉందని ఫోనులో చూసి చెప్పింది.

"శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం" అన్నాడు సోమసుందరం.

"అది కాకినాడలోనండీ. అక్కడ పదిన్నరయ్యేసరికి మనకి రెండవుతుంది."

"రాహువు ఇక్కడొకడు, అక్కడొకడు ఉంటాడా?"

"ఒక్కడే అయితే ఒకేసారి రెండు ఊళ్ళు ఎలా చూసుకుంటాడండీ మరి?"

ఆయన నవ్వలేదు. సిద్ధాంతిగారికి ఫోను చేశాడు. అక్కడి సూర్యోదయం తెలిస్తే గాని చెప్పలేనని సిద్ధాంతి మూడు రోజులు తీసుకున్నాడు. ఈలోగా పదిన్నర టిక్కెట్లు అయిపోయాయి. సాయంత్రం ఐదుంపావు ఒక్కటే మిగిలింది.

"పోనీలెండి, సాయంత్రం ఎండకి పెంకులు ఇంకా ఎర్రగా ఉంటాయి" అంది కనకవల్లి. ఆవిడ అలా సర్దుకునేది. అది ఆయనకు అలవాటైపోయింది.

విమానం ఆదివారం. ఆదివారం పడమటికి శూల, అటు బయల్దేరకూడదు. ఇటలీ పడమరే. దానికి విరుగుడు ఉంది. ముందుగా ఒక మంచి రోజు చూసి, సంచీ ఒకటి సర్ది, ఎదురింట్లో పెట్టాలి. ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు. ప్రస్థానం అంటారు. నియమం ఒక్కటే. ఆ సంచీ మళ్ళీ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. వస్తే ప్రయాణం మానుకున్నట్టే. ఈ నియమం మా అందరికీ చెప్పింది సోమసుందరమే.

గురువారం ఉదయం ఒక గుడ్డసంచీలో చీర, శాలువా, పసుపు కలిపిన బియ్యం మూట, వాటి మీద నేను. ఎదురింటి మంగతాయారు సంచీ అందుకుంది. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పెదాల మధ్య ఎప్పుడూ సూది ఉంటుంది, మాట కూడా అలాంటిదే.

"ఇటలీ మా ఇంటి మీదుగానా అక్కయ్యా?"

"ఆయ్, మీ వరండాలోంచేనే."

"అయితే వచ్చేటప్పుడు కూడా ఇటే రా. బావగారు దారి తప్పినా పర్లేదు."

శనివారం పొద్దున్న కనకవల్లి సంచీలో కళ్ళజోడు పెట్టె పెట్టడానికి వచ్చింది. వెనకే సోమసుందరం వచ్చి వీధిలోనే నిలబడ్డాడు. మెట్లెక్కలేదు. అమలాపురంలో దాయాది ఒకాయన పోయాడట. ఇరవై ఏళ్ళుగా ఈయన ఆయన ముఖం చూడలేదు.

"పది రోజులు మైల. ఇంకెక్కడి ప్రయాణం?" అన్నాడు వీధిలోంచే.

"మైల ఇంట్లో ఉన్నవాళ్ళకి కదండీ. నేను గురువారమే బయల్దేరాను."

"బయల్దేరింది సంచీ. నువ్వు కాదు."

మంగతాయారు మిషను ఆగింది. కనకవల్లి కళ్ళజోడు పెట్టె చేతిలో అటూ ఇటూ తిప్పింది. తర్వాత దాన్ని సంచీలోనే పెట్టింది. మెట్లు దిగి ఆయన వెనక ఇంటికి వెళ్ళిపోయింది. నేను కాగితాన్ని. నాకు నోరుంటే ఆ రోజు వాడేదాన్ని.

సంచీని ఆవిడ వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే మానుకున్నట్టవుతుంది. రోజూ మూడింటికి వీధి దాటి వచ్చేది. మంగతాయారు జాకెట్టు ముక్కలు పక్కకు జరిపి చోటిచ్చేది. నన్ను విప్పి, గీత వెంట వేలు పెట్టి నడిచేది. "ఎక్కడి దాకా వచ్చావక్కయ్యా?" అంటే, "వంతెన దాటాను" అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు. రెండేళ్ళు అలా నడిచింది. ఆ మధ్యలో మళ్ళీ ప్రయాణం మాటెత్తితే ఆయన తన పాత మోకాలి నొప్పి అడ్డం పెట్టాడు. ఆ పై శ్రావణంలో ఆవిడకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఐదో రోజు లేదు.

పన్నెండో రోజు అయ్యాక సోమసుందరం సంచీ కోసం వచ్చాడు. మంగతాయారు అలమరలోంచి తీసి ఇచ్చింది. ఆయన వీధి మధ్యకు వెళ్ళి ఆగిపోయాడు. ఎదురుగా సొంత గేటు. చేతిలో ఆవిడ ప్రయాణం. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడుతోంది. ఒక ఆటో హారను కొట్టి పక్కనుంచి పోయింది.

"వెళ్ళండి బావగారూ" అంది మంగతాయారు వరండాలోంచి. "ఇంక మానడానికి ఎవరున్నారు?"

ఆయన గడప తొక్కలేకపోయాడు. వెనక్కి వచ్చాడు.

"ఇక్కడే ఉండనీ తాయారూ."

ఇప్పుడు మూడింటికి ఆయన వస్తాడు. నన్ను విప్పుతాడు. నన్ను ఇద్దరూ విప్పారు, ఒక్కసారి కూడా కలిసి విప్పలేదు. చూపు ఆనక, ఒకరోజు గోపురం పక్కన ఉన్న పెన్సిలు రాత చూపించి అడిగాడు.

"ఇక్కడేం రాసిందో చదువుతావా?"

మంగతాయారు సూది తీసి గుడ్డకు గుచ్చింది. నన్ను వెలుతురుకు తిప్పి చదివింది.

"'ఇక్కడ రాతి అరుగు ఉంది. నీడ. నేను పైకి వెళ్ళొచ్చేదాకా ఆయన కూర్చోవచ్చు. ఆయన మోకాలికి మెట్లు పడవు.'"

ఆయన మళ్ళీ చదవమన్నాడు. ఆవిడ చదవలేదు. మిషను తొక్కుకుంది.

ఆ మాట అక్కడ ఐదేళ్ళుగా ఉంది. కళ్ళు బాగున్న రోజుల్లో ఒక్కసారి వంగి ఉంటే కనిపించేది. ఆయన మీద జాలి పడమని కనకవల్లి ఉంటే అనేది. నాకు జాలి రావడం లేదు.

రోజూ వచ్చి ఆ అరుగు మీద వేలు ఆనించి కూర్చుంటాడు. వేలు చెమటకు అక్కడ కాగితం పలచబడింది. ఎప్పుడో చిల్లు పడుతుంది. పడనీ.