నోటిదాకా వచ్చిన దీవెన

వేణ్ణీళ్ళ గ్లాసు కొంగుతో పట్టుకుని మడతక్క మంచం దగ్గరికి వచ్చేసరికి, మేనత్త అప్పటికే లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు చేతులతో గ్లాసు అందుకుని, ఊదుకుంటూ ఒక గుక్క తాగి, అలవాటుగా అంది.

"చల్లగా ఉండమ్మా."

కిటికీ తీస్తే చల్లగా ఉండమ్మా. దువ్వెన అందిస్తే, చెప్పులు కాస్త దగ్గరికి జరిపితే, ఫ్యాను తగ్గిస్తే, మళ్ళీ పెంచితే అదే మాట. మోకాళ్ళు పట్టేసి అత్త గడప దాటడం మానేసిన దగ్గర్నుంచి ఆ దీవెన ఇంట్లో పిల్లిపిల్లలా కాళ్ళకడ్డం తిరుగుతూనే ఉంది. మడతక్క దాన్ని పట్టించుకున్నదీ లేదు, విసుక్కున్నదీ లేదు. కానీ నిన్న సాయంత్రం పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, "పాపం మీ అత్త, ఎంత బెరుగ్గా బతుకుతోందో! పరాయింట్లో ఉన్నట్టు గ్లాసుడు నీళ్ళకు కూడా దీవిస్తోంది" అని నవ్వి వెళ్ళింది. ఆ నవ్వు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

"ఎందుకత్తా ఊరికే దీవిస్తావు?" అంది మడతక్క. "నేనేదో నీకు ముష్టి వేస్తున్నట్టు! వినేవాళ్ళేమనుకుంటారు? ఇంక అనకు."

అత్త గ్లాసులోంచి తలెత్తి చూసింది.

"సరేలేవే పిల్లా."

అంతే. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. ఖాళీ గ్లాసు తిరిగి ఇస్తున్నప్పుడు మాత్రం పెదవులు విడివడి, మళ్ళీ మూసుకున్నాయి.

తల్లి పోయిననాడు మడతక్కను చంకనేసుకుని తెచ్చుకున్నది ఈ మేనత్తే. తన చీరలు చింపి గౌన్లు కుట్టింది. చంటిపిల్లతో వచ్చే మనిషిని ఎవరూ చేసుకోకపోతే "పీడా పోయింది, ఇంకొకడికి వండిపెట్టే పని తప్పింది" అని నవ్వేసింది. వీటిలో ఒక్కదానికైనా మడతక్క అత్తకు ఒక మంచిమాట చెప్పింది లేదు. ఇంట్లోవాళ్ళకు ఎవరు చెప్తారు? అందుకే అటునుంచి దీవెన వస్తుంటే తలదించుకోవాలనిపించేది. ఆ సిగ్గే పొద్దున కోపం వేషం వేసుకుని బయటికి వచ్చిందని పనికి వెళ్ళే బస్సులో కూర్చున్నాక తెలిసింది. దిగి వెనక్కి వెళ్దామనుకుంది. వెళ్ళి ఏమని చెప్పాలో తోచక, అలాగే కూర్చుంది.

ఆమె పని ఆసుపత్రి వెనక, బట్టలుతికే షెడ్డులో. ఆరబెట్టే యంత్రంలోంచి దుప్పటి పొగలు కక్కుతూ వస్తుంది. ఇద్దరు చెరో రెండు కొసలు పట్టుకుని విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. అది చేసీ చేసీ ఆమె వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి. మడతక్క అన్న పేరూ అలా వచ్చిందే. ఎదురుగా నిలబడేదాన్ని అందరూ రేడియో అంటారు. దాని నోరు మూతపడగా చూసినవాళ్ళు లేరు.

"ఏంటి మడతక్కా, ఇవాళ మొహం కూడా మడతపెట్టేశావు?"

"పొద్దున మా అత్తని ఓ మాట అనేశాను. ప్రతిదానికీ దీవించకు అన్నాను."

"దీవిస్తే కోపమా! మా ఆయన చూడు, ఎంత వండిపెట్టినా తిని తేన్పు తప్ప నోట్లోంచి ఇంకోటి రాదు. మీ అత్తని మా ఇంటికి పంపించు, వేణ్ణీళ్ళేం ఖర్మ, కాళ్ళు కూడా పిసుకుతా."

మడతక్క తన కొసలు తెచ్చి దాని కొసలతో కలిపింది.

మధ్యాహ్నం మాసిన దుప్పట్ల మూట విప్పుతుంటే టక్కుమని ఏదో కిందపడింది. పళ్ళసెట్టు. "అమ్మో, కరుస్తుంది!" అని రేడియో గెంతింది. మడతక్క దాన్ని కడిగి, శుభ్రమైన గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. కాసేపటికి ఒక ముసలాయన ఆసుపత్రి బట్టల్లోనే గోడ పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. గుడ్డ విప్పి చూడగానే ఏదో అన్నాడు కానీ గాలి తప్ప మాట రాలేదు. పక్కకు తిరిగి పళ్ళు పెట్టుకుని, మళ్ళీ ఇటు తిరిగి చక్కగా అన్నాడు.

"తల్లీ, నీ చెయ్యి చల్లగుండ."

నోరంతా తెరిచి నవ్వాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, మర్చిపోయినవాడిలా మరోసారి అన్నాడు. మాట ఎవరికి చేరినా చేరకపోయినా, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నవాడిలా అది ఆయన నోట్లో తిరుగుతోంది. ఆ మొహంలో బెరుకనేది లేదు.

మడతక్క చేతుల్లో దుప్పటి జారింది. రోజూ వేణ్ణీళ్ళ గ్లాసు మీద అత్త మొహం కూడా ఇలాగే ఉండేది. తను పక్కింటావిడ మాట విన్నది గానీ, అత్త మొహం చూసింది లేదు.

"కొస పట్టుకో అక్కా" అంది రేడియో, మొదటిసారి మెల్లగా.

సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోగానే నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చింది. అత్త తాగింది. నోరు విడివడింది. గబుక్కున కొంగు అడ్డం పెట్టుకుని మూతి తుడుచుకున్నట్టు నటించింది. మడతక్క మంచం అంచున కూర్చుంది.

"అను అత్తా."

"ఏమనాలే?"

"అదే. రోజూ అనేది."

అత్త కిసుక్కున నవ్వింది. "అడిగి అనిపించుకుంటే అది దీవెనటే? అయినా నీకోసం అనేదాన్ననుకున్నావా? నా ప్రాణానికి హాయిగా ఉంటుందని అనేదాన్ని. పోనీలే, అలిసొచ్చావు. తిని పడుకో."

తప్పయిపోయిందత్తా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఆ కళ్ళు చూస్తుంటే బయటికి రాలేదు. పొద్దున వేణ్ణీళ్ళిస్తూ చెప్పొచ్చులే అనుకుని మడతక్క కంచాలు తీసింది.

తెల్లవారాక గ్లాసుతో వచ్చేసరికి అత్త గోడకు ఆనుకుని లేదు. పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. పిలిచింది. భుజం కదిపింది. చెయ్యి పట్టుకుంది.

చల్లగా ఉంది.

అందరికన్నా ముందు పక్కింటావిడే పరుగున వచ్చి ఏడ్చింది. తర్వాత ఎవరెవరో వచ్చారు. ఎవరో మంచినీళ్ళడిగితే మడతక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి పక్కన, తను పెట్టని గిన్నె ఒకటి ఉంది. రోజూ పనికి వెళ్ళేటప్పుడు ఉడికించి డబ్బాలో పోసుకుపోయే శనగలను ముందురోజు రాత్రి ఎవరు నానేస్తున్నారో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. నీళ్ళన్నీ తాగి ఉబ్బిన శనగలు గిన్నె మీద మూతను కాస్త పైకి లేపి, ఒక పక్కకు ఒరగబెట్టి ఉంచాయి.