మొహం తోమకే పిల్లా!

కొరియాలో, బూసాన్‌లో మా పేట ఆడవాళ్ల స్నానశాలలో వచ్చినవాళ్ల ఒళ్లు తోమడం నా పని. ఇరవై రెండేళ్లయింది. బట్టలు విప్పేశాక గొప్పింటి ఆవిడైనా చేపల బజారు ఆవిడైనా నా బల్ల మీద ఒకటే.

ఆ శనివారం చేపవడల కొట్టు పిల్ల హేవొన్ వచ్చింది. ఓ మూల కూర్చుని, ఒళ్లు రుద్దుకునే ఆకుపచ్చ గరుకు గుడ్డతో మొహం బరబరా తోముకుంటోంది. నాకు ఒళ్లు మండింది. గుడ్డ లాగేశాను.

"మొహం అనుకున్నావా, మాడిన గిన్నె అనుకున్నావా?"

"జిడ్డు పిన్నీ! రోజుకి మూడుసార్లు తోముతున్నా మధ్యాహ్నానికి మళ్లీ మెరుస్తోంది. మూడు వారాల్లో పెళ్లిమాటలకి మా డోగ్యున్ వాళ్లింటికి మొదటిసారి వెళ్లాలి. జిడ్డు మొహాలవాళ్లకి శుభ్రం తెలీదంటుందట వాళ్లమ్మ. నన్ను చూసి వద్దనేస్తే?" దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

జాలేసింది, నవ్వూ వచ్చింది. ఎందుకంటే ఆ డోగ్యున్ వాళ్లమ్మ ఛోంగ్‌నిమ్, పదేళ్లుగా నా దగ్గర తోమించుకునే మనిషి, పక్కనే వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి అంతా వింటోంది. పిల్ల ఆవిణ్ణి ఫొటోలోనే చూసింది, ఉంగరాల జుట్టుతో, ముత్యాల దండతో. తలకి తువ్వాలు చుట్టుకున్న ఈ అవతారంలో ఏం పోల్చుకుంటుంది?

నా నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఆ రోజు నోరు కట్టేసుకున్నాను. తమాషా చూడాలి కదా!

"మొహం మెల్లగా కడుక్కుని గంటసేపు ఏమీ రాయకు. చర్మం సంగతి తేలుస్తాను. వదినా, మీరూ రండి."

"నాకెందుకు? నాది పొడి చర్మం," అంది ఛోంగ్‌నిమ్, తేలు కుట్టిన దొంగలా.

"అయితే భయమెందుకు?"

గంట తర్వాత బయటి గదిలో ఇద్దరి నుదుటికీ, ముక్కుకీ, బుగ్గలకీ జిడ్డు పీల్చే పల్చటి కాగితాలు అద్ది వెలుతురుకేసి పట్టాను. పిల్లదాని కాగితం నిండా మచ్చలే. జిడ్డుకి అద్దంలా మారిన ఛోంగ్‌నిమ్ కాగితంలోంచైతే గోడ గడియారంలో టైము చూడొచ్చు.

హేవొన్ పకపకా నవ్వింది. "అయ్యో పెద్దమ్మా, మీది నాకంటే ఘోరం! డోగ్యున్ వాళ్లమ్మ కంట పడ్డారంటే గడప తొక్కనివ్వదు!"

ఛోంగ్‌నిమ్ మొహం మిరపపండైంది. నేను గబగబా అందుకున్నాను. "తోమితే ఊడేది జిడ్డు కాదే, తోలు! రోజుకి రెండుసార్లు మెల్లగా కడుగు. జిడ్డుంది కదా అని మానకుండా నీళ్లలాంటి క్రీము రాయి. మెరిస్తే కాగితం అద్దు, రుద్దకు." ఛోంగ్‌నిమ్ వినీ విననట్టు అంతా విని వెళ్లిపోయింది.

మూడు వారాలు గడిచాయి. వాళ్లు కలిసే ఆదివారం వచ్చింది. నా తమాషాతో పిల్ల కొంప ముంచానేమోనని భయం.

మర్నాడే వచ్చి నా జబ్బ గట్టిగా గిల్లింది హేవొన్. "నీకు ముందే తెలుసు కదూ పిన్నీ!"

తలుపు తీసింది ఆవిడేనట. మొహం చూడగానే గుర్తుపట్టి, పిల్ల పళ్లబుట్టతో సహా గుమ్మంలోనే బిగుసుకుపోయిందట. ఆవిడ వెనక్కి తిరిగి కొడుకు వినడం లేదని చూసుకుని, జేబులోంచి పల్చటి కాగితం ఒకటి తీసి దాని చేతిలో పెట్టిందట.

"నుదురు అద్దుకుని లోపలికి రా. నేనిప్పుడే అద్దుకున్నా."