తెర్మెజ్‌లో ముందు పడింది

తెర్మెజ్‌లో మంచు పడటమంటే మాటలు కాదు, దేశానికి దక్షిణపు కొసనున్న ఊరది. ఎప్పుడైనా పడినా పొద్దున పడి మధ్యాహ్నానికల్లా బురదై ఊరి పరువు తీసి పోతుంది. అంగ్రెన్ అలా కాదు, ఉత్తరాన కొండల నడుమ ఊరు. నవంబరులోనే ఇళ్ళ కప్పుల మీద మంచు మూరెడెత్తు లేస్తుంది. అలాంటి ఊరితో వియ్యమందుకోవడమే కాక, వియ్యపురాలితో మంచు చీటీ పందెం కూడా కాసిన హోసియత్‌ని చూసి తెర్మెజ్‌లో నవ్వనివాళ్ళు లేరు.

ఎవరి ఊళ్ళో తొలి మంచు ముందు పడితే వాళ్ళది పైచేయి. కావలసింది చీటీ మీద రాసి, ఎదుటివాళ్ళు ఏమరుపాటుగా ఉన్నప్పుడు చేతిలో పెట్టెయ్యాలి. తెలియక పుచ్చుకుంటే అడిగింది ఇచ్చి తీరాలి. పసిగట్టి చెయ్యి పట్టుకుంటే మాత్రం, కోరిక కోరేది వాళ్ళు. ఈలోగా ఎదుటివాళ్ళ ఊళ్ళోనూ మంచు రాలిందా, ఇక చీటీ చెల్లదు. అందరూ ఆడే ఆటే.

కూతురు సనోబర్ పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి చలికాలం గెలిచేది అంగ్రెన్‌లోని ఆమె అత్తగారు ముకద్దసే. ఓ ఏడు అక్రోట్ల సంచిలో చీటీ పెట్టి పంపింది. ఓ ఏడు బొంత మడతలో కుట్టేసింది. సంచి విప్పినప్పుడూ, బొంత దులిపినప్పుడూ హోసియత్ నోరు తెరుచుకుని నిలబడింది. ఒకసారి శాలువా, ఒకసారి ఊరందరికీ పులావ్ సమర్పించుకుంది. డబ్బు పోయినందుకు కాదు కానీ ఆవిడ ఫోన్లో పగలబడి నవ్వే నవ్వుకి హోసియత్‌కి ఒళ్ళు మండిపోయేది.

ఈ ఏడు ఆ మంట వేరు. సనోబర్‌కి ఆరో నెల. అక్కడి ఆచారం ప్రకారం తొలి పురుడు అత్తింట్లోనే పొయ్యాలి, అది అత్తింటివాళ్ళ హక్కు. ఆడపిల్ల తల్లి నోరు తెరిచి మా ఇంటికి పంపండి అనడం ఉండదు. అంటే నాలుగిళ్ళవాళ్ళు, అత్తింట్లో తిండి పెట్టట్లేదా అని ఆరా తీస్తారు. మొన్నామధ్య సనోబర్ ఫోన్లో, "అమ్మా, నాకు భయంగా ఉందే. నువ్వు పక్కనుంటే బావుండు" అంది. మామూలుగానే అంది. అయినా ఆ రాత్రి హోసియత్‌కి కంటి మీద కునుకు పడలేదు. అడగకూడని దాన్ని అడగగలిగే చోటు ఒక్కటే ఉంది, మంచు చీటీ. అందులో ఏం అడిగినా తప్పు పట్టరు.

ఆ చలికాలం వాతావరణానికి మతి పోయింది. చుట్టాలందరి ఫోన్ గుంపులో పొద్దున లేస్తే అదే రభస. నుకుస్‌లో ఉన్న తమ్ముడు, "ఇక్కడ గాలికి మా గేటు పక్కింట్లో పడింది, మంచు మాత్రం లేదు" అని పెట్టాడు. ఫెర్గానా మేనమామ పొగమంచు ఫొటో పెట్టి, ఇదే మంచు అని దబాయించాడు. సమర్‌ఖండ్‌లో వాన. తాష్కెంట్‌లో జనం చొక్కాలతో తిరుగుతున్నారట. ముకద్దస్ మాత్రం ఎండలో మెరుస్తున్న కొండ ఫొటో పెట్టి, "కంగారు పడకండి, పడితే ముందు మాకే పడుతుంది" అని రాసింది. ఎప్పుడూ పడేదానికి అంత టెక్కు అక్కర్లేదనుకుంది హోసియత్.

ఒక తెల్లవారుజామున తందూరు అంటించడానికి పెరట్లోకి వెళ్ళిన హోసియత్ అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయింది. దానిమ్మ కొమ్మలు తెల్లగా వంగిపోయి ఉన్నాయి. చేత్తో తీసి నాలిక మీద పెట్టుకుని చూసింది. మంచే.

"సనోబర్ నాన్నా, లే. ఫోను ముట్టుకున్నావంటే ఊరుకోను."

ఆమె మొగుడు నోర్మురోద్ కళ్ళు నులుముకుంటూ వచ్చి ఆకాశం వంక చూశాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. అప్పటికే చెయ్యి జేబులోకి పోయింది.

"ఒక్క ఫొటోనే. మీ తమ్ముడి గేటు గొడవ వినలేక చస్తున్నా."

"ఇటివ్వు ఫోను. నీ కూతురు పురుటికి ఇంటికి రావాలా వద్దా?"

నోర్మురోద్ ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "వియ్యపురాలు ఊరుకుంటుందా?" అన్నాడు మెల్లిగా.

"చీటీ పుచ్చుకుంటే ఊరుకోక ఏం చేస్తుంది?"

"పట్టుకుంటే?"

హోసియత్ వంటింట్లోకి నడిచింది. పట్టుకుంటే ఇక ఆ మాట జన్మలో ఎత్తడానికి ఉండదు. చేసేదేమీ లేక పిండి కలిపింది. రొట్టెలు కాల్చి, దొంతర పేర్చి, చీటీని పై రెండు రొట్టెల మధ్య పెట్టి గళ్ళగుడ్డలో మూటగట్టింది. చుట్టం చేతిలో మూట ఉంటే ఇంటామె రెండు చేతులూ చాపి అందుకోవాలి. ఎంత జాణైనా ముకద్దస్ మర్యాద తప్పదు. ఆ ధైర్యంతోనే మధ్యాహ్నం రైలెక్కింది.

రైలు బయల్దేరినప్పుడు కిటికీ బయటంతా తెలుపే. కొండలు దాటేదాకా తెలుపే. పక్క సీటు ముసలాయన అయితే, తెర్మెజ్‌లో అంత మంచు చూసి, ఈ రైలు ఉత్తరాదికి పోతోందా, దక్షిణాదికి పోతోందా అని రెండుసార్లు అడిగాడు. ఖర్షీ దగ్గర పొలాల మీద సన్నగా సున్నం పూసినట్టుంది. ఆ తర్వాత వాన. మర్నాడు పొద్దున తాష్కెంట్‌లో దిగేసరికి ఎండ. హోసియత్ నవ్వుకుంది. కానీ వెనక్కి తిరిగి చూస్తే దక్షిణాన ఆకాశం నల్లగా ఉంది. మంచు ఆవిడ వెనకే రైలెక్కి వచ్చినట్టుంది.

అంగ్రెన్ వెళ్ళే టాక్సీలో నలుగురూ నిండితే గానీ కదలనన్నాడు డ్రైవరు.

"ఖాళీ సీటుకీ నేనే ఇస్తా, పోనీ."

"ఏంటక్కా, ఎవరికైనా బాలేదా?"

"మంచు పడేలోపు చేరాలి."

"మంచు పడితే బండి నెమ్మదిగా పోతుందనా? భయం లేదు, టైర్లు కొత్తవి."

"నీ టైర్లతో నాకేం పని నాయనా, పోనియ్యి."

అంగ్రెన్ చేరేసరికి మబ్బు కొండ మీంచి ఇళ్ళ కప్పుల దాకా దిగింది. సందులో పరుగులాంటి నడక నడిచి, గుమ్మం ముందు ఆగి ఊపిరి పీల్చుకుని తలుపు తట్టింది. ముకద్దసే తీసింది. చేతులకి పిండి, నెత్తిన రుమాలు. ఆమె మొహంలో మొదట ఆశ్చర్యం, వెంటనే నవ్వు.

"వదినా, చెప్పా పెట్టకుండా? ఇంత చలిలో ఏం కొంప మునిగిందని?"

"పిల్లని చూడాలనిపించింది" అంటూ హోసియత్ మూట ముందుకు చాపింది.

ముకద్దస్ చేతులు లేచాయి. సగంలో ఆగిపోయాయి. ఆవిడ కళ్ళు మూట మీద కాదు, హోసియత్ బూట్ల మీద ఉన్నాయి. దక్షిణాది బురద, తడిసిన అంచులు, ఇంకా ఆరని కోటు కొస. ఆ కళ్ళకి అంతా తెలిసిపోయిందని హోసియత్‌కి అర్థమైంది.

సరిగ్గా అప్పుడే గళ్ళగుడ్డ మీద తెల్లటి రేకు ఒకటి వచ్చి వాలింది. దాని వెనక ఇంకొకటి.

హోసియత్ మూట వెనక్కి లాక్కోబోయింది. "చెల్లదులే వదినా. మీ ఊళ్ళోనూ మొదలైంది."

లోపల్నించి పొట్ట పట్టుకుని సనోబర్ వచ్చింది. తల్లిని చూసి మొహం వెలిగిపోయింది. "అమ్మా! అత్తయ్యా, మంచు పడుతోంది చూడండి."

"మంచేంటి నీ మొహం" అంది ముకద్దస్ వెనక్కి చూడకుండానే. "పక్కింటివాళ్ళు పిండి దులుపుతున్నారు." వేలితో గుడ్డ మీది రేకుల్ని తుడిచేసి, రెండు చేతులూ చాపి మూట లాక్కుంది.

గుమ్మంలోనే ముడి విప్పి, రొట్టెల మధ్యనుంచి చీటీ తీసి చదివింది. ఉన్నది ఒక్క ముక్కే. హోసియత్ కోటు గుండీ తిప్పుకుంటూ నిలబడింది.

"ఇది అడగడానికి తెర్మెజ్‌లో మంచు పడాల్సొచ్చిందా వదినా?" అంది ముకద్దస్. ఈసారి నవ్వు లేదు. "పడకపోతే?"

"అడిగేదాన్ని కాదు."

ముకద్దస్ చీటీ మడిచి తన రుమాలు కొసలో ముడేసుకుంది. "నా తొలి కాన్పుకి మా అమ్మ నమంగాన్ నుంచి ఈ గుమ్మం దాకా వచ్చింది. ఇలాగే మూట పట్టుకుని. రొట్టెలిచ్చి, ఎలా ఉన్నావని అడిగి, వెళ్ళిపోయింది. ఆ ఏడూ మంచు ముందు ఇక్కడే పడింది, అమ్మ చేతిలో చీటీ లేదు."

హోసియత్ ఆమె పిండి చేతుల్ని పట్టేసుకుంది. ఇద్దరి కళ్ళూ తడిశాయి. ఏం జరుగుతోందో తెలియక సనోబర్ ఒకసారి తల్లినీ, ఒకసారి అత్తనీ చూసింది.

ముకద్దస్ ముక్కు చీదుకుని, ఎప్పటి గొంతుతో కేకేసింది. "చూస్తావేం కోడలా, బట్టలు సర్దుకో. మీ అమ్మ ఊరికి వెళ్తున్నావు. మందపాటి కోటు పెట్టుకో, అక్కడ మంచు పడుతోందట."