ఎతెల్వీనా వెంటపడిన కొండకోడి

అంకారెస్ కొండల మీద మంచు కరిగి, ఆవుల్ని మళ్ళీ పైమేతకి తోలే రోజులవి. ఒక పొద్దున ఎతెల్వీనా గడ్డిమడి రాతిగోడ మీద కొండకోడి పెట్ట ఒకటి వచ్చి వాలింది. గోధుమరంగు ఒంటి నిండా నల్లటి చారలు, మెడకింద తుప్పురంగు. మనిషి అలికిడి వింటేనే ఎగిరిపోయే జాతి. ఇది మాత్రం గోడ దిగి, ఆవిడ రబ్బరు బూట్ల ముందు రెక్కలు పరిచి నేలకి కరుచుకుని కూర్చుంది.

ఆవిడ పక్కకి తప్పుకుంది. అదీ తిరిగొచ్చి మళ్ళీ ముందు కూర్చుంది.

వారం తిరిగేసరికి ఊళ్ళో అందరి నోటా అదే కబురు. ఊరంటే ఎంత, పొగ లేచే ఇళ్ళు నాలుగో అయిదో. ఎతెల్వీనా పాలబిందె పట్టుకుని నడిస్తే వెనకాలే కోడి. మరిది బల్బీనోకి నవ్వాగలేదు.

"వదినా, అన్నయ్య పోయాక మళ్ళీ మొగుడొద్దన్నావు. చూడు, పెళ్ళామే వెతుక్కుంటూ వచ్చింది!"

"నోర్ముయ్యరా. నీ గుమ్మంలోకి ఆ కోడి కూడా రాలేదుగా."

కబురు విని అటవీశాఖ పిల్ల ఇరియా వచ్చింది. ఆమె నవ్వలేదు. గోడ మీద కూర్చుని చాలాసేపు కోడినే చూసింది.

"పుంజు కోసం తిరిగి తిరిగి అలిసిపోయింది పిన్నీ. ఏదీ దొరక్క, కదిలే ప్రాణి కనిపిస్తే చాలనుకుని నీ దగ్గరికొచ్చింది."

"పుంజులు లేకేం? పైన ముళ్ళాకుల అసేబో చెట్ల దిబ్బ మీద ప్రతి వసంతంలోనూ కూస్తాయిగా?"

"నువ్వు ఆ దిబ్బెక్కి ఎన్నాళ్ళయింది?"

తండ్రి మేకలు అమ్మేశాక ఎతెల్వీనాకి అటు పనిపడలేదు.

"దీన్ని కొండకోళ్ళ పెంపకకేంద్రానికి తీసుకెళ్దాం. అక్కడ పుంజులున్నాయి," అంది ఇరియా.

"అడవిలో పుట్టినదాన్ని బోనులో పెడతావా? నేనుండగా జరగదు."

"సరే, రేపు వేకువనే దిబ్బకి పోదాం. ఒక్క పుంజు కూసినా దీని జోలికి రాను."

చీకటి విడుతుండగా ఎక్కారు. ఒకప్పుడు మేకలు కొరికి కొరికి బయలుగా ఉంచిన చోట ఇప్పుడు తలెత్తు తుప్పలు. మోచేతులతో తోసుకుంటూ పోవాల్సి వచ్చింది. చిన్నప్పుడు నాలుక నీలంగా మారేదాకా కోసుకు తిన్న పళ్ళపొదల్ని జింకలు మోడులు చేసిపెట్టాయి. ఆ పళ్ళు లేకపోతే కొండకోడి పిల్లలకి తిండేది?

ఇద్దరూ అసేబో చెట్ల కింద చెవులు రిక్కించి కూర్చున్నారు. ముందు టకటక, తర్వాత సీసా బిరడా ఊడిన చప్పుడు, చివర్న కత్తి నూరినట్టు గరగర: ఆ కూత ఎతెల్వీనా చెవిలో ఇంకా ఉంది. బయట మాత్రం గాలి తప్ప ఏమీ లేదు.

అంతలో పైన రెక్కల చప్పుడైంది. పెట్ట వాళ్ళ వెనకే వచ్చి కొమ్మ మీద వాలింది. మెడ సాచి లోయవైపు తిరిగి, అదీ వింటోంది. ఎండ పొడుచుకొచ్చేదాకా అలాగే వింది. ఎతెల్వీనా చూడలేక తల దించుకుంది.

"ఇక చాలు. దాన్ని నేనే పట్టుకుంటాను. నీ వల చూస్తే బెదిరిపోతుంది."

ఊరి మొగలో కోడి ఎప్పట్లాగే ఆవిడ ముందుకొచ్చి రెక్కలు పరిచింది. రెండు చేతులా ఎత్తుకుంటే గింజుకోలేదు. వేళ్ళ కింద దాని గుండె దడదడలాడుతోంది.

"నమ్మి కూర్చున్నదాన్ని పట్టిచ్చానే," అంది ఎతెల్వీనా, దాన్ని ఇరియా చేతికిస్తూ. ఆ రోజు ఆవిడ పొయ్యి వెలిగించలేదు. బల్బీనో ఏ వేళాకోళమూ ఆడకుండా ఆవుల్ని తోలుకొచ్చి కట్టేశాడు.

మరుసటేడు వేసవి మొదట్లో పెట్ట పిల్లల్ని పొదిగిందని ఇరియా ఫోన్ చేసింది, తనే వచ్చి ఎతెల్వీనాని కారులో కేంద్రానికి తీసుకెళ్ళింది. చెక్కల కంచె సందులోంచి చూస్తే పెట్ట, దాని చుట్టూ దూదిపింజల్లాంటి పిల్లలు. ఎతెల్వీనా ఉండబట్టలేక మెల్లగా పిలిచింది. పెట్ట ఉలిక్కిపడి తలెత్తి, గొంతులో ఏదో హెచ్చరించి, పిల్లల్ని వెంటేసుకుని పొదల్లోకి దూరిపోయింది.

"గుర్తుపట్టలేదు పిన్నీ," అంది ఇరియా నొచ్చుకుంటూ.

"భయపడింది, చూశావా?" ఆవిడ ముఖం విప్పారింది. "మనిషిని చూసి పారిపోయింది. ఇప్పుడు బతుకుతుంది."

అన్నదే గానీ, కారులో ఇరియా ఇచ్చిన రొట్టె ఊరు చేరేదాకా ఆవిడ ఒళ్ళోనే ఉండిపోయింది.